పండగ అలంకారం: చేతి పని, నోటి మాట

మన శాఖలో ఏడాదికి మూడు సభలు తప్పకుండా జరుగుతాయి. కొత్తగా చేరినవాళ్ళకి స్వాగతం, ఉగాది, చివరి ఏడాది అక్కలకి వీడ్కోలు. హాస్టల్లో ఉండేవాళ్ళకి వీటితోపాటు వినాయక చవితి, నవరాత్రి కొలువు, సంక్రాంతి కూడా ఉంటాయి. ప్రతిసారీ చందా వేసుకుంటాం, అంగడికి పోతాం, మెరుపు కాగితాలు, థర్మకోల్ అక్షరాలు కొనుక్కొస్తాం. మర్నాడు అవన్నీ చెత్తబుట్టలో ఉంటాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. తమిళనాడు అంగట్లో ఇంగ్లీషు అక్షరాల తోరణం దొరుకుతుంది, తమిళంలోనూ దొరుకుతుంది. తెలుగులో అడిగితే అంగడివాడు మన ముఖం చూస్తాడు. తెలుగు తోరణం కావాలంటే మనమే చేసుకోవాలి.

అందుకే ఈ పాఠం. ఇందులో నాలుగు పనులు ఉన్నాయి: మామిడాకుల తోరణం, టెంకాయాకు గొలుసు, పాలవెల్లి, అక్షరాల జెండాలు. నాలుగూ తేలికైనవే. ఒక్కొక్కటి ఇద్దరు కూర్చుంటే ఒక పూటలో అయిపోతుంది. కొలతలు, లెక్కలు కూడా ఇచ్చాను, చూసి నేరుగా మొదలుపెట్టొచ్చు. పనితోపాటు ఆ పనికి సంబంధించిన తెలుగు మాటలు కూడా వస్తాయి. వాటిమీదా కాస్త మనసు పెట్టండి, ఎందుకో చివర్లో చెప్తాను.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

పురికొస ఒక ఉండ. కత్తెర. చీపురు పుల్లలు ఒక గుప్పెడు. పాత కాగితాలు, అంటే ఒకవైపు మాత్రమే అచ్చు పడినవి. మైదా పిండి రెండు చెంచాలు. పసుపు, కొంచెం సున్నం. వెదురు బద్దలు ఆరు. ఒక స్కేలు, ఒక గాజు. గాజు చేతికి వేసుకోవడానికి కాదు, పని ఏంటో తర్వాత తెలుస్తుంది.

జిగురు కొనాల్సిన పని లేదు. ఒక చెంచా మైదాకి నాలుగు చెంచాల నీళ్ళు. ముందు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలపాలి. తర్వాత సన్నని మంటమీద కలుపుతూ ఉంటే తెల్లగా ఉన్నది కాస్త అద్దంలాగా మారుతుంది. అప్పుడు దించేయాలి. చల్లారాక ఇంకా గట్టిపడుతుంది కాబట్టి కాస్త పలచగా ఉన్నప్పుడే దించడం మంచిది. పురుగు పట్టకుండా కొందరు ఇందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. హాస్టల్ వంటగిన్నెల దగ్గర ఆ పని వద్దు. ఏ రోజు జిగురు ఆ రోజే చేసుకుంటే చాలు.

1. మామిడాకుల తోరణం

అన్నిటికంటే పాతది, అన్నిటికంటే సులువైనది ఇదే. అయినా తొందరపడి కడితే ఆకులన్నీ ఒక పక్కకి జారిపోతాయి. ఒక వాకిలికి లెక్క ఇలా వేసుకోవాలి.

వాకిలి వెడల్పు మూడు అడుగులు, అంటే 36 అంగుళాలు అనుకుందాం. తోరణం బిగుతుగా ఉండకూడదు, మధ్యలో కొంచెం వంగాలి. అందుకని ఆకులు ఉండే భాగం 40 అంగుళాలు. రెండు వైపులా మేకుకి కట్టడానికి 10 అంగుళాల చొప్పున వదలాలి. మొత్తం పురికొస 60 అంగుళాలు, అంటే ఐదు అడుగులు. ఆకుకీ ఆకుకీ మధ్య రెండు అంగుళాలు పెడితే 21 ఆకులు పడతాయి. 21 ఆకుల మధ్య ఖాళీలు 20, ఇరవై రెళ్ళు నలభై. సరిపోయింది.

ఆకు ఎంపికలో ఒక మాట. ఎర్రగా, మెత్తగా ఉండే చిగురాకు చూడ్డానికి ముద్దుగా ఉంటుంది కానీ మధ్యాహ్నానికే వాడి వేలాడిపోతుంది. బాగా ముదిరిన ఆకు మడిస్తే విరుగుతుంది. పచ్చగా, నిగనిగలాడుతూ, మడిస్తే విరగని ఆకు కావాలి. ఆ నిగనిగ ఆకుమీద ఉండే మైనపు పొర వల్ల వస్తుంది. ఆ పొర ఉండడం వల్లే లోపలి నీరు త్వరగా ఆవిరైపోదు, ఆకు రెండు మూడు రోజులు పచ్చగా నిలుస్తుంది. కోసిన వెంటనే కడిగి, తడిగుడ్డలో చుట్టి పెట్టాలి. కొమ్మ విరిచేయకుండా ఆకుని తొడిమతో సహా తుంచుకోవాలి. చెట్టు ఎవరిదో వాళ్ళని అడగడం మర్చిపోకండి.

కట్టే పద్ధతి: ఆకు తొడిమ వైపు ఒక అంగుళం మేర పురికొస మీదుగా వెనక్కి మడవాలి. మడిచిన చోట, దారానికి కిందుగా, చీపురు పుల్ల ముక్కతో గుచ్చాలి. పుల్ల ముందునుంచి లోపలికి వెళ్ళి, వెనక మడతలోంచి తిరిగి ముందుకి రావాలి, బట్టకి పిన్నీసు పెట్టినట్టు. ఇలా పెడితే ఆకు గాలికి ఊగుతుంది కానీ ఊడదు. స్టేప్లర్ పిన్నులు వద్దు. తోరణం ఎండాక చెత్తలో వేస్తాం, ఆవో మేకో ఆ చెత్తలో మూతి పెడుతుంది. పుల్ల అయితే ఫరవాలేదు, ఇనుప పిన్ను కడుపులోకి పోతే ప్రాణానికే ముప్పు.

మధ్యమధ్యలో బంతిపూలు కావాలంటే ఒక ఆకు వదిలి ఒక ఆకు తర్వాత ఒక పువ్వు పెట్టండి. ఉగాదికయితే చివర రెండు వేపపూల గుత్తులు కట్టొచ్చు. చైత్రంలో వేప పూత ఎలాగూ ఉంటుంది.

పూలదండ కూడా వేయాలనుకుంటే పూలు ఎన్ని కొనాలో ముందే తెలుసుకోవచ్చు. పది పూలు గుచ్చి, దండ పొడవు ఎన్ని అంగుళాలు వచ్చిందో కొలవండి. కావాల్సిన పొడవుని దానితో భాగించి, పదితో గుణించండి. పువ్వు పెద్దదయినా చిన్నదయినా ఈ లెక్క తప్పదు.

2. టెంకాయాకు గొలుసు

తమిళనాడులో పెళ్ళికయినా గుడి ఉత్సవానికయినా పందిరి చుట్టూ టెంకాయాకు అల్లికలు వేలాడడం మనందరం చూసిందే. చిలక, గిలక, పాము, నక్షత్రం, ఇలా ఎన్నో ఆకారాలు అల్లుతారు. ఇక్కడ ఒక జాగ్రత్త. శుభకార్యానికి కట్టే అల్లిక వేరు, చావు ఇంట కట్టే అల్లిక వేరు. కాబట్టి చిలకలూ గువ్వలూ అల్లాలనుకుంటే ముందు మీ ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగి తెలుసుకోండి. నేను చెప్పబోయే గొలుసుకి అలాంటి పట్టింపు లేదు, పిల్లలు ఆడుకోవడానికి కూడా చేస్తారు.

ఒక పచ్చి మట్ట తీసుకోండి. కొబ్బరికాయలు దించేవాళ్ళు అడ్డమొచ్చిన మట్టలు నరికి పడేస్తారు, అవి చాలు. పసుపుపచ్చగా, లేతగా ఉండే మొవ్వ మెత్తగా వంగుతుంది, అల్లడానికి బాగుంటుంది. కానీ మొవ్వ కోసం చెట్టు నెత్తి నరకకూడదు. టెంకాయ చెట్టుకి కొమ్మలుండవు, ఎదిగే చోటు తల దగ్గర ఒకటే ఉంటుంది. అది దెబ్బతింటే చెట్టు మళ్ళీ చిగురించదు.

మట్టనుంచి ఆకులు విడదీసి, ఒక్కో ఆకు మధ్యలో ఉండే ఈనెని గోటితో గానీ కత్తితో గానీ చీల్చి తీసేయాలి. ఒక్కో ఆకుకి రెండు పట్టీలు వస్తాయి. ఈనెలు పారేయకండి, పైన తోరణానికి కావాల్సిన పుల్లలు అవే. ఎండబెట్టి కట్ట కడితే చీపురు కూడా అవుతుంది.

ఇప్పుడు గొలుసు:

ఒకే వెడల్పు ఉన్న రెండు పట్టీలు తీసుకోండి. వెడల్పు అంగుళం, పొడవు రెండడుగులు ఉంటే బాగుంటుంది. ఒక పట్టీని నిలువుగా, రెండోదాన్ని అడ్డంగా పెట్టి, చివర్లు ఒకదానిమీద ఒకటి వచ్చేలా మూల కలపండి. ఆ మూలని ఈనె ముక్కతో గుచ్చి బిగించండి. కింద ఉన్న పట్టీని పైకి మడిచి, రెండోదాని మీదుగా అవతలికి వేయండి. ఇప్పుడు కిందకి పోయింది రెండో పట్టీ. దాన్ని అలాగే మడిచి మొదటిదాని మీదుగా వేయండి. ఎప్పుడూ కింద ఉన్నదే పైకి రావాలి, ఒక్కటే సూత్రం. పట్టీలు అయిపోయేదాకా ఇలా మడిచి చివర మళ్ళీ ఈనెతో గుచ్చాలి.

చేతిలో ఒక చిన్న చదరపు గుట్ట తయారవుతుంది. రెండు చివర్లూ పట్టుకుని మెల్లగా లాగితే స్ప్రింగులాగా సాగుతుంది. అదే గొలుసు. ఆకు దొరక్కపోతే రెండు రంగుల క్రేప్ కాగితంతో ఇదే పని చేయొచ్చు. ఆకుపచ్చ, పసుపు కలిపి చేస్తే దూరంనుంచి ఆకు అల్లికలాగే కనిపిస్తుంది.

3. పాలవెల్లి

వినాయక చవితి ముందురోజు ఇక్కడి అంగళ్ళలో మట్టి పిళ్ళయార్ పక్కన రంగు కాగితాల చిన్న గొడుగులు అమ్ముతారు. తమిళుల ఇళ్ళలో స్వామికి గొడుగు పడతారు. తెలుగు ఇళ్ళలో స్వామి తలపైన పాలవెల్లి కడతారు. మన ఇళ్ళలో చాలాచోట్ల రెండూ ఉంటాయి, పైన పాలవెల్లి, వెనక గొడుగు. ఇద్దరి పద్ధతీ వినాయకుడికి ఇష్టమేనని మా అవ్వ అంటుంది.

పాలవెల్లి అంటే పాలసముద్రం. వెల్లి అంటే ప్రవాహం, వెల్లువ. వెల్లివిరియడం అన్నప్పుడు ఉన్నది ఆ వెల్లే. చెక్కతోనో వెదురుతోనో చేసిన చదరపు చట్రాన్ని పూలతో, ఆకులతో, కాయలతో నింపి పైనుంచి వేలాడదీస్తారు. చిన్న చట్రం పేరులో పాలకడలి అంతా ఇమిడిపోయింది.

చేసే విధానం. 18 అంగుళాల వెదురు బద్దలు ఆరు. మూడు నిలువుగా, మూడు అడ్డంగా పరచాలి. ప్రతి బద్దకీ రెండు చివర్లలో అంగుళం వదిలి, అక్కడ ఒకటి, అక్కడ ఒకటి, నడిమధ్యన ఒకటి వచ్చేలా సర్దాలి. అప్పుడు బద్దకీ బద్దకీ మధ్య 8 అంగుళాలు ఉంటుంది. మొత్తం తొమ్మిది కూడళ్ళు, నాలుగు గళ్ళు.

ప్రతి కూడలినీ పురికొసతో కట్టాలి. ఒక కూడలికి ఒక అడుగు దారం. ముందు ఒక మూలనుంచి ఎదురు మూలకి రెండుసార్లు చుట్టి, తర్వాత రెండో మూలనుంచి దాని ఎదురు మూలకి రెండుసార్లు చుట్టి, వెనక ముడి వేయాలి. పైనుంచి చూస్తే గుణకారం గుర్తు కనబడాలి. ఒకే వైపు చుడితే బద్దలు కత్తెరలాగా మెలితిరిగి చట్రం వంకరపోతుంది. తొమ్మిది కూడళ్ళకీ తొమ్మిది అడుగులు. వేలాడదీయడానికి నాలుగు మూలలకీ రెండున్నర అడుగుల చొప్పున పది అడుగులు. కాయలు కట్టుకోవడానికి ఇంకో ఆరడుగులు. 25 అడుగులు ఉంటే ఏ కొరతా ఉండదు.

నాలుగు దారాలనీ పైన ఒకటిగా పట్టుకుని, ముడి వేసేముందు చట్రం సమంగా ఉందో లేదో బల్ల అంచుతో పోల్చి చూసుకోవాలి. సమం కుదిరాకే ముడి. తర్వాత బరువు పరీక్ష. లీటరు నీళ్ళ సీసాని నడిమధ్య కూడలికి కట్టి ఒక గంట అలా వదిలేయండి. అది ఒక కిలో బరువు. గంట నిలిచిందంటే కట్టు గట్టిదే. కాయల మొత్తం బరువు మాత్రం అంతకంటే తక్కువే ఉండాలి. కింద దీపం ఉంటుంది, మట్టి విగ్రహం ఉంటుంది, కాయ ఊడిపడితే పండగ పాడవుతుంది.

ఒక మొక్కజొన్న పొత్తు, రెండు చిన్న జామకాయలు, రెండు నిమ్మకాయలు చాలు. దానిమ్మ, సీతాఫలం, బత్తాయి పెట్టాలంటే ఏదో ఒకటి మాత్రమే, అదీ నడిమధ్యన. కాయని ఎప్పుడూ కూడలి దగ్గరే కట్టాలి, బద్ద మధ్యలో కాదు. ఎదురెదురు మూలల్లో సమానమైన బరువు ఉండాలి. మిగిలిన చోటంతా మామిడాకులు, పూలు. పూజ అయ్యాక కాయలు ప్రసాదం, ఆకులు ఎరువు, చట్రం అటకమీదకి. వచ్చే ఏడాది మళ్ళీ అదే చట్రం. ఒకసారి బాగా కడితే హాస్టల్లో మన తర్వాత వచ్చేవాళ్ళకీ పనికొస్తుంది.

4. అక్షరాల జెండాలు

సభకి అసలైన అలంకారం ఇదే. తెలుగు శాఖ సభ అని దూరంనుంచి చూసినవాళ్ళకి తెలియాలంటే తెలుగు అక్షరం కనబడాలి కదా.

ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు, పొడవు 29.7 సెంటీమీటర్లు. నిలువునా రెండుగా కత్తిరిస్తే 10.5 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు రెండు వస్తాయి. ఒక్కో పట్టీని మధ్యకి మడిచి దారం మీద వేస్తే దాదాపు 15 సెంటీమీటర్ల ఎత్తు జెండా అవుతుంది. అచ్చు పడిన వైపు లోపలికి పోతుంది, తెల్లవైపు బయటికి వస్తుంది. అందుకే పాత కాగితాలు సరిపోతాయి. లోపల జిగురు రాసి అతికించి, కింది అంచుని చేపతోకలాగా కత్తిరించాలి. ఒక కాగితానికి రెండు జెండాలు.

ఆరు మీటర్ల దారానికి ఎన్ని కావాలి? జెండా పదిన్నర, మధ్య ఖాళీ ఐదు, మొత్తం పదిహేనున్నర సెంటీమీటర్లు. 600ని 15.5తో భాగిస్తే 39 జెండాలు దగ్గర దగ్గరగా వస్తాయి. 20 కాగితాలు చాలు. రెండు చివర్లూ కట్టడానికి దారం మాత్రం ఒక మీటరు అదనంగా తీసుకోండి.

రంగుకి పసుపు నీళ్ళు వాడొచ్చు. కాగితాన్ని ముంచితే ముడతలు పడుతుంది, దూదితో అద్దాలి. పసుపు నీళ్ళలో కొంచెం సున్నపు తేట కలిపితే ఎర్రగా మారుతుంది. పారాణిలో ఉండే రంగు అదే, హారతికి కలిపే ఎర్రనీళ్ళూ అవే. పసుపులోని రంగు పదార్థం క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. ఇలా రెండు గిన్నెలతో రెండు రంగులు వస్తాయి. ఎండ తగిలితే పసుపు రంగు వెలిసిపోతుంది కాబట్టి జెండాలు లోపలి గదికే కట్టండి. సున్నం చేత్తో కలపొద్దు, పుల్లతో కలపండి.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. ఒక జెండాకి ఒక అక్షరం అంటాం. ఇంగ్లీషుకయితే అది సులువు. తెలుగులో అక్షరం అంటే ఏంటో తెలియకపోతే బోర్డు రాసేవాళ్ళూ అచ్చువేసేవాళ్ళూ చేసే పొరపాటే మన జెండాలమీదా పడుతుంది. గుణింతం ఒకచోట, హల్లు ఒకచోట, ఒత్తు ఇంకోచోట విడిపోతాయి. తెలుగులో హల్లు, దానికింద ఒత్తు, దానిమీద గుణింతం, పక్కన సున్నా, ఇదంతా కలిపి ఒకటే అక్షరం. దాన్ని చీల్చకూడదు.

కాబట్టి:
స్వాగతం: స్వా, గ, తం. మూడు జెండాలు.
వీడ్కోలు: వీ, డ్కో, లు. మూడు జెండాలు.
శుభాకాంక్షలు: శు, భా, కాం, క్ష, లు. ఐదు జెండాలు.
ఉగాది శుభాకాంక్షలు: మూడు, ఒక ఖాళీ జెండా, ఐదు. మొత్తం తొమ్మిది.

39 జెండాల దారంలో ఈ తొమ్మిదిని మధ్యలో పెడితే అటు 15, ఇటు 15 రంగు జెండాలు వస్తాయి. లెక్క చక్కగా కుదురుతుంది.

అక్షరం రాసేటప్పుడు గాజు అక్కరకొస్తుంది. తెలుగు అక్షరాలు చాలావరకు గుండ్రనివి. గాజుని కాగితంమీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీసి, ఆ వలయంలోంచి అక్షరాన్ని తీస్తే అన్నీ ఒకే పరిమాణంలో వస్తాయి. ఒక జెండామీద పెద్దదీ ఇంకోదానిమీద చిన్నదీ కాకుండా ఉంటాయి. జెండా ఎత్తు 15 సెంటీమీటర్లలో అసలు అక్షరానికి ఎనిమిది, కింద ఒత్తుకి నాలుగు వదలండి. ఒత్తు లేని అక్షరాన్ని కూడా ఆ ఎనిమిదిలోనే రాయాలి. లేకపోతే లు, గ లాంటివి కిందికి దిగిపోయి వరుస తప్పుతాయి. తలకట్టులన్నీ ఒకే గీతమీద ఉండాలి. దారానికి రెండు సెంటీమీటర్ల కింద సన్నగా ఒక గీత గీసుకుని మొదలుపెట్టండి.

కొన్ని జాగ్రత్తలు

కాగితమూ దీపమూ ఒకచోట ఉండకూడదు. జెండాలు, క్రేప్ గొలుసులు దీపపు కుందెకి కనీసం మూడడుగుల దూరంలో ఉండాలి, దీపానికి నేరుగా పైన అసలే వద్దు. కాగితపు లాంతరు చేస్తే లోపల నూనె దీపం పెట్టకండి. ఫ్యాను రెక్కలకి అందేలా ఏదీ కట్టకండి. కుర్చీమీద కుర్చీ వేసి ఎక్కకండి, నిచ్చెన అడగండి, కింద ఒకరు పట్టుకోండి.

థర్మకోల్ గురించి రెండు మాటలు. అది మట్టిలో కలవదు, కాలిస్తే నల్లని విషపు పొగ వస్తుంది. 2019 జనవరి 1 నుంచి తమిళనాడులో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచులు, కప్పులు లాంటివి నిషేధించారు. నిషేధం ఉందని కాదు గానీ, చేత్తో చేయగలిగినప్పుడు కొనడం ఎందుకని.

పనిలోని మాటలు

ఇప్పుడు మొదట్లో చెప్పిన సంగతికి వస్తాను. పైన రాసినదాంట్లో ఎన్ని మాటలు మీ ఇంట్లో వాడుకలో ఉన్నాయో ఒకసారి చూసుకోండి. మా ఇంట్లో పురికొస అనరు. "ఆ సణల్ ఇట్లా తే" అంటారు. వాక్యం తెలుగే, వస్తువు పేరు తమిళం. సణల్ అనడం తప్పేమీ కాదు, వందల ఏళ్ళుగా పక్కపక్కన బతుకుతున్న భాషలు ఇచ్చిపుచ్చుకుంటాయి. కానీ పురికొస అనే మాట ఉందని కూడా తెలియకపోతే మాత్రం నష్టమే.

పక్కపక్కన పెట్టి చూద్దాం:

పురికొస: సణల్ కయిరు
ఈనె: ఈర్క్కు
మొవ్వ: కురుత్తు
మట్ట: మట్టై
దండ: మాలై
గుచ్చడం: కోర్ప్పదు
జడలాగా అల్లడం: పిన్నువదు
ముగ్గు: కోలం
బొమ్మల కొలువు: కొలు
తోరణం: తోరణం

కొన్ని పూర్తిగా వేరు, కొన్ని దగ్గర, తోరణం రెండింట్లోనూ ఒకటే. మన తెలుగులోనూ ఊరూరికీ తేడా ఉంది. మన తరగతిలోనే హోసూరు వైపు వాళ్ళు, తిరుత్తణి వైపు వాళ్ళు, కోవిల్పట్టి వైపు వాళ్ళు ఉన్నారు. ఒకరికి చీపురు, ఒకరికి పొరక. ఒకరికి కొబ్బరికాయ, ఒకరికి టెంకాయ. ఒకరికి గొబ్బెమ్మలు, ఒకరికి గొబ్బిళ్ళు. సంక్రాంతి నెలలో పేడముద్దమీద గుమ్మడిపువ్వు గుచ్చి ముగ్గులో పెట్టడం ఇక్కడి తమిళులకీ ఉంది, మనకీ ఉంది, పేర్లు మాత్రం వేరు. షోలాపూర్ తెలుగువాళ్ళని అడిగితే దీపావళికి వాకిట్లో కట్టే కాగితపు దీపాన్ని ఆకాశ కందిల్ అంటారు, అది మరాఠీనుంచి వచ్చిన మాట. ఎక్కడున్న తెలుగు అక్కడి గాలి పీల్చుకుంటుంది.

క్రియలు ఇంకా సూక్ష్మంగా ఉంటాయి. దారంతో చేసే పనులే చూడండి: బంతిపూలు గుచ్చుతాం, మల్లెలు కడతాం, ఆకు అల్లుతాం, దారం పేనుతాం, ముడి వేస్తాం. మల్లెలు గుచ్చాం అని ఎవరైనా అంటే సూదితో గుచ్చారని అర్థం, చేత్తో ముడివేసి కట్టారని కాదు. ఈ తేడా పుస్తకం చదివితే మనసులో నిలవదు, పువ్వూ దారం చేతిలో ఉన్నప్పుడు నిలుస్తుంది. పని ఆగిపోతే మాట కూడా ఆగిపోతుంది. రెడీమేడ్ తోరణానికి కావాల్సిన క్రియ ఒకటే, తగిలించడం.

ఇలాంటి మాటలు పాఠ్యపుస్తకానికి తగవు, ఇంటిపని మాటలు కదా అని అనుకోవచ్చు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వెలువడింది. అందులో ఉన్నవన్నీ వ్యవసాయ పదాలు, రైతుల నోట విని రాసుకున్నవి. 1971లో వచ్చిన రెండో సంపుటం చేనేత పదాలది. నాగలి భాగాలకీ మగ్గం భాగాలకీ పేర్లు సేకరించడం పండితుల పని అయినప్పుడు, తోరణానికీ పాలవెల్లికీ ముగ్గుకీ సంబంధించిన పేర్లు సేకరించడం తెలుగు చదువుకునే మన పని ఎందుకు కాకూడదు? పైగా ఈ పనుల్లో ఎక్కువ భాగం ఆడవాళ్ళ చేతుల్లోనే నడిచింది. ఆ మాటలు ఎక్కువగా అవ్వల దగ్గర, అమ్మల దగ్గర, అత్తల దగ్గర ఉన్నాయి. తమిళనాడులో మన ఇళ్ళలో మాట్లాడే తెలుగుని, బయటివాళ్ళు వచ్చి రాసేదాకా ఆగకుండా, మనమే రాసుకుంటే మంచిది.

అభ్యాసం

1. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి ఇద్దరు కలిసి చేయండి. చేస్తున్నప్పుడు వస్తువుల పేర్లూ పనుల పేర్లూ తెలుగులోనే పలకండి.

2. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు ఇంట్లో పెద్దావిడ ఎవరినైనా అడగండి: మీ చిన్నప్పుడు పండక్కి వాకిలి ఎలా అలంకరించేవాళ్ళు? ఆ చెప్పినదాంట్లోంచి ఐదు మాటలు, ఆవిడ పలికినట్టే రాసుకోండి. సరిదిద్దకండి. తమిళం కలిసినా అలాగే ఉంచండి.

3. ప్రతి మాట పక్కన మూడు వివరాలు: ఏ ఊరు, దేన్ని అలా అంటారు, తమిళంలో ఏమంటారు. ఊరి పేరు చాలు, మనిషి పేరు అక్కర్లేదు.

4. తెలుగు రాయడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న మొదటి ఏడాది చెల్లెళ్ళు పక్కవాళ్ళకి చెప్పి రాయించండి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బళ్ళో తెలుగు చదవని వాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. మాట తెలిసినవాళ్ళు చెప్పాలి, రాత తెలిసినవాళ్ళు రాయాలి.

ఈ గోడపత్రిక కింద నాలుగు గడులు గీసిన ఒక పెద్ద కాగితం అంటించి ఉంది. మాట, ఊరు, అర్థం, తమిళం. మొదటి వరుసలో పురికొస రాసి పెట్టాను. ఉగాదికి జెండాలు కట్టే రోజున ఆ కాగితాన్నీ సభలో చదువుదాం. 39 జెండాలు చేయడానికి పదిమంది కావాలి, కాగితం నిండడానికి అందరూ కావాలి. కత్తెరలు శాఖలోనే ఉన్నాయి, పాత కాగితాలు బీరువా పక్క పెట్టెలో ఉన్నాయి. గాజు మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోండి.